టెక్సస్ కమ్యూనిటీ కాలేజీలో ఫిజిక్స్: ఇంటర్ ఎంపీసీ అయినోళ్లు 1401 తీసుకోవాల్నా, 2425 తీసుకోవాల్నా?

హన్మకొండ_చౌరస్తా:

మా చెల్లె బిడ్డ ఈ ఏడు హన్మకొండల ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. వాళ్ల నాన్నకు డాలస్ దగ్గర ఉద్యోగం, ఆగస్టు సెమిస్టర్ అందేటట్టు ఇంటిల్లిపాదీ పోతున్నరు. మొదటి రెండేండ్లు కమ్యూనిటీ కాలేజీల చదివి, ఆ తర్వాత యూనివర్సిటీకి మెకానికల్ ఇంజనీరింగ్‌కు మారాలనేది ఆలోచన. కేటలాగ్ తీస్తే ఫిజిక్స్ కిందనే 1401, 1402, 1405, 2425, 2426 అని కనబడుతున్నయి. అన్నిట్లోనూ న్యూటన్ సూత్రాలే ఉన్నట్టున్నయి, తేడా అర్థం కాలే.

అడిగేది ఇంతే. ఏది తీసుకోవాలె? ఇంటర్‌ల రెండేండ్లు ఫిజిక్స్ చదివింది కదా, దానికి క్రెడిట్ ఇయ్యరా? మొదటి సెమిస్టర్‌లనే తీసుకోవచ్చా? పోయేలోపు రెండు నెలలు ఇంట్లనే ఉంటది, ఏం చదివిస్తే పనికొస్తది? వాళ్ల అక్క కూడా పోతున్నది. ఆ పిల్లది బైపీసీ, ఫార్మసీ దిక్కు పోవాలని ఉంది. ఆమెకు కూడా ఇదే దారా?

డిగ్రీ_ప్లాన్:

అన్నా, ముందు నంబర్ చదవడం తెలిస్తే సగం గందరగోళం పోతుంది. టెక్సస్ పబ్లిక్ కాలేజీల్లో చాలావరకు ఉమ్మడి కోర్సు నంబర్లే నడుస్తాయి. మొదటి అంకె స్థాయి: 1 అంటే మొదటి ఏడాది, 2 అంటే రెండో ఏడాది. రెండో అంకె క్రెడిట్లు. 2425 అంటే రెండో ఏడాది స్థాయి, 4 క్రెడిట్లు, ల్యాబ్ అందులోనే కలిసి ఉంటుంది. కొన్ని కాలేజీలు దాన్నే విడగొట్టి 2325 క్లాసు, 2125 ల్యాబ్ అని పెడతాయి. రెండూ తీసుకుంటేనే 2425కి సమానం. క్లాసుకు మాత్రమే చేరి ల్యాబ్ మరిచిపోయే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు.

1405 లెక్కలు పెద్దగా లేని పరిచయ కోర్సు. కామర్స్, ఆర్ట్స్ పిల్లలు సైన్స్ అవసరం తీర్చుకోవడానికి తీసుకుంటారు. 1401, 1402 జత ఆల్జీబ్రా, ట్రిగనామెట్రీతో నడుస్తుంది. 2425, 2426 జత క్యాల్కులస్‌తో నడుస్తుంది. 2425లో మెకానిక్స్, సరళ హరాత్మక చలనం, తరంగాలు. 2426లో విద్యుత్తు, అయస్కాంతత్వం, సర్క్యూట్లు, ఆప్టిక్స్. మెకానికల్‌కు పోయే పిల్ల 2425, 2426 తప్ప వేరేది ముట్టుకోవద్దు. 1401లో ఏ గ్రేడ్ వచ్చినా ఇంజనీరింగ్ డిగ్రీలో ఫిజిక్స్ కింద లెక్కకు రాదు. ఆ ఫీజూ, ఆ సెమిస్టరూ పోయినట్టే. "ముందు సులువుది తీసుకుని అలవాటు చేసుకో" అని కౌన్సెలింగ్‌లో అంటే మారబోయే యూనివర్సిటీ డిగ్రీ ప్లాన్ తెరిచి ముందర పెట్టాలి. ఏ కోర్సు చెల్లుతుందో తేల్చేది ఆ కాగితమే.

ఇంటర్ సంగతి: అక్కడ మన ఇంటర్‌ను హైస్కూల్ పన్నెండో తరగతి కింద చూస్తారు. చదివింది ఎంతైనా కాలేజీ క్రెడిట్ రాదు. పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే క్లెప్ పద్ధతి ఒకటుంది కానీ అందులో ఫిజిక్స్ పరీక్షే లేదు. క్యాల్కులస్‌కు ఉంది. స్కోరు 20 నుంచి 80 దాకా ఉంటుంది, 50 వస్తే క్రెడిట్ ఇవ్వొచ్చని సిఫారసు. అయితే ఇవ్వాలా వద్దా, ఎంతకు ఇవ్వాలి అనేది ఏ కాలేజీకి ఆ కాలేజీ ఇష్టం. మారబోయే యూనివర్సిటీ కూడా ఒప్పుకుంటుందా అని అడిగాకే డబ్బు కట్టండి.

మొదటి సెమిస్టర్‌లో 2425 కుదరదు. దానికి ముందు క్యాల్కులస్ 1, అంటే మ్యాథ్ 2413 పూర్తయి ఉండాలి. 2426కు క్యాల్కులస్ 2, అంటే మ్యాథ్ 2414 పూర్తి కావాలి. కాబట్టి వరుస ఇలా వస్తుంది: ఆగస్టులో 2413, కెమిస్ట్రీ, ఇంగ్లిష్ 1301, ఇంకొకటి. జనవరిలో 2414తో పాటు ఫిజిక్స్ 2425. మళ్లీ ఆగస్టులో ఫిజిక్స్ 2426, మ్యాథ్ 2415 (క్యాల్కులస్ 3). ఇక్కడ ఒక్క మెట్టు జారినా వెనకున్నవన్నీ జారతాయి. ఇంజనీరింగ్ స్టాటిక్స్ 2301కు ఫిజిక్స్ 2425 అయి ఉండాలి. డైనమిక్స్ 2302కు స్టాటిక్స్ అయి ఉండాలి. ఫిజిక్స్ ఒక సెమిస్టర్ వెనక్కి పోతే రెండేళ్ల ప్లాన్ రెండున్నరకు పోతుంది.

ఈ వరుస మొత్తం మొదటి రోజు మ్యాథ్ ప్లేస్‌మెంట్ మీద ఆధారపడి ఉంది. టీఎస్ఐ పరీక్ష చూసేది కాలేజీ చదువుకు సిద్ధంగా ఉన్నారా లేదా అని మాత్రమే. అది పాసైనంత మాత్రాన నేరుగా క్యాల్కులస్‌లో కూర్చోబెడతారని అనుకోవద్దు. "క్యాల్కులస్‌కు వేరే ప్లేస్‌మెంట్ పరీక్ష ఉందా, ఎప్పుడు రాయొచ్చు" అని నోరు తెరిచి అడగాలి. అడగకపోతే కాలేజ్ ఆల్జీబ్రా 1314లోనో, ప్రీ క్యాల్కులస్ 2412లోనో వేస్తారు. ఎంపీసీ పిల్ల అక్కడ మనకు ఇంటర్ ఫస్టియర్‌లో అయిపోయిన పాఠాలే మళ్లీ వింటూ కూర్చోవాలి.

ఫ్రీబాడీ_గీయి:

పై లెక్క సరిగ్గా ఉంది. నేను క్లాసులో ఎక్కడ దెబ్బతింటారో చెప్తా. మన పిల్లలు సిలబస్ తెలియక పడరు, పద్ధతి తెలియక పడతారు.

ఎప్‌సెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో ఫిజిక్స్ 40. క్యాల్కులేటర్ ఉండదు, జీ విలువ 10 వేసుకుని ఆప్షన్లలో దగ్గరగా ఉన్నదానికి టిక్కు పెట్టి ముందుకు పోవడం అలవాటు. అక్కడ మిడ్‌టర్మ్‌లో నాలుగైదు లెక్కలే ఇస్తారు, ఒక్కోదానికి పేజీ నిండా రాయాలి. బొమ్మ, బలాల గీత, అక్షాల దిశ, ఏ సూత్రం ఎందుకు వాడుతున్నావు అనే ముక్క, అక్షరాలతో సమీకరణం, అన్నీ అయ్యాక అంకెలు, చివర యూనిట్. మార్కులు ముక్కముక్కకూ ఉంటాయి. సరైన జవాబు ఒక్కటే రాసి గీత గీస్తే సగం కూడా రావు. జవాబు తప్పినా దారి సరిగ్గా చూపిస్తే ముప్పాతిక దాకా వస్తాయి.

రెండోది, గుర్తున్న సూత్రాన్ని చూసీచూడగానే దింపేయడం. ఒక వస్తువు త్వరణం 6 టీ అని ఇచ్చారనుకోండి, టీ అంటే కాలం. మొదటి వేగం 2 మీ/సె. 3 సెకన్లకు వేగం ఎంత? "వి = యు + ఏటీ" కంఠస్థం ఉన్న పిల్ల త్వరణం 6 × 3 = 18 వేసుకుని 2 + 18 × 3 = 56 అని రాస్తుంది. అది తప్పు, ఎందుకంటే ఆ సూత్రం త్వరణం మారనప్పుడే పనిచేస్తుంది. ఇక్కడ ఇంటిగ్రేట్ చేయాలి: 2 + 3 టీ స్క్వేర్, అంటే 2 + 27 = 29 మీ/సె. 2425 మొదటి నెలలో పడే దెబ్బల్లో ఎక్కువ భాగం ఈ రకంవే.

2426లో ఇదే కథ ఇంకో రూపంలో వస్తుంది. ఎల్ పొడవున్న కడ్డీ మీద క్యూ ఆవేశం సమానంగా పరచుకుని ఉంది, దాని కొస నుంచి కడ్డీ వరుసలోనే డీ దూరంలో విద్యుత్ క్షేత్రం ఎంత అంటారు. కడ్డీ మొత్తాన్ని ఒక చుక్కగా అనుకుని కూలుంబ్ సూత్రం వేస్తే సున్నా మార్కులు. చిన్న ముక్క తీసుకుని, దాని ఆవేశం రాసి, హద్దులు డీ నుంచి డీ + ఎల్ దాకా పెట్టి ఇంటిగ్రేట్ చేస్తే కేక్యూను డీ × (డీ + ఎల్)తో భాగించినది వస్తుంది. అక్కడితో ఆగకుండా, డీ చాలా పెద్దదైతే ఇది కేక్యూ బై డీ స్క్వేర్‌గా మారుతుందా అని చూసి ఒక వాక్యం రాయాలి. ఆ సరిచూసుకునే వాక్యానికి కూడా మార్కులు పెట్టే మాస్టార్లున్నారు.

క్యాల్కులేటర్ ఎప్పుడూ వాడనివాళ్లకు ఇంకో గండం. 2 కిలోల దిమ్మ 30 డిగ్రీల వాలు మీద ఉంటే వాలు వెంట బలం 9.8 న్యూటన్లు. క్యాల్కులేటర్ రేడియన్ మోడ్‌లో ఉంటే మైనస్ 19.4 చూపిస్తుంది. మైనస్ కనబడ్డా "దిశ అటుందేమో" అని సర్దుకుని రాసేస్తారు. వాలు లెక్కలకు డిగ్రీ మోడ్, డోలనాల లెక్కలకు రేడియన్ మోడ్. ఒకే పరీక్షలో రెండూ వస్తాయి, మార్చుకోవడం చేతికి రావాలి.

యూనిట్లు కూడా. 60 మైళ్ల వేగం అంటే 26.8 మీ/సె, ఒక అడుగు 0.3048 మీటరు, ఒక పౌండు బలం 4.448 న్యూటన్లు. పౌండును కిలోల్లోకి మార్చి మళ్లీ 9.8తో గుణించడం మరిచిపోయేవాళ్లు చాలామంది. ఇక థర్మోడైనమిక్స్ వస్తే, ఫిజిక్స్‌లో వ్యవస్థ చేసిన పనిని తీసేస్తారు, కెమిస్ట్రీలో వ్యవస్థ మీద చేసిన పనిని కూడతారు. ఒకే రోజు రెండు క్లాసులుంటే గుర్తు తారుమారు అవుతుంది.

రెండు నెలల్లో ఏం చదవాలంటే: తెలుగు అకాడమీ 1బీలో అవకలనం, దాని అనువర్తనాలు. 2బీలో నిశ్చిత సమాకలనులు, అవకలన సమీకరణాలు. 1ఏలో సదిశల గుణకారం. కొత్త పుస్తకం కొనక్కర్లేదు. తర్వాత రోజుకు ఐదు ఫిజిక్స్ లెక్కలు, ఆప్షన్లు చూడకుండా, బొమ్మ గీసి, పూర్తిగా రాసి చేయాలి. ఐదు చాలు. యాభై చేస్తే మళ్లీ ఎప్‌సెట్ అలవాటే వస్తుంది.

కాజీపేట_లూప్‌లైన్:

డిగ్రీ_ప్లాన్ గారు చెప్పిన క్లెప్ ముచ్చట మీద నా మాట వేరే. రూలు ప్రకారం తప్పేం లేదు, కానీ ఎంపీసీ పిల్ల క్యాల్కులస్ 1 ఎగ్గొట్టి నేరుగా 2414ల కూసుంటే కష్టం. మన 2బీల ఇంటిగ్రేషన్ బాగనే ఉంటది, కానీ అనంత శ్రేణుల మొత్తం ఒక విలువ దగ్గరికొస్తదా రాదా అని తేల్చే పరీక్షలు మనకు లేవు, 2414ల సగం తలనొప్పి అదే. దానికి తోడు ఫిజిక్స్ 2425, కొత్త దేశం, కొత్త ఇంగ్లిష్. 2413 తీసుకుంటే తెలిసిన పాఠమే కాబట్టి మంచి గ్రేడ్ వస్తది, మారేటప్పుడు ఆ గ్రేడే అక్కరకొస్తది. ఒక సెమిస్టర్ మిగిలిందని చూసుకుంటే జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు పోతది.

వేసవి సెషన్ల 2425 తీసుకోవద్దు. వారానికి మూడు గంటల క్లాసు, మూడు గంటల ల్యాబ్ లెక్కన 16 వారాలకు 96 గంటలు. అదే ఐదు వారాలల్ల కుదిస్తే వారానికి 19 గంటలు తరగతిలనే పోతయి, హోంవర్క్ దానికి అదనం. పొద్దున భ్రమణ చలనం చెప్పి మర్నాడు పరీక్ష పెడతరు.

బైపీసీ బిడ్డకు దారి వేరే. ఫార్మసీ, జీవశాస్త్రం దిక్కు పోయేటోళ్లకు 1401తోని సరిపోయే చోట్లు చాలా ఉన్నయి, కానీ ఆమె చేరాలనుకునే ఫార్మసీ కాలేజీ ఫిజిక్స్ ఒక సెమిస్టర్ అడుగుతదా రెండు అడుగుతదా ముందే చూసుకోవాలె. 1401కు ముందు కాలేజ్ ఆల్జీబ్రా 1314, ట్రిగనామెట్రీ 1316 రెండూ కావాలె, లేకుంటే ఒక్క ప్రీ క్యాల్కులస్ 2412. ఇంటర్‌ల లెక్కలు వదిలేసింది కాబట్టి ఆ రెండు నెలలు పదో తరగతి త్రికోణమితి, లాగరిథమ్‌లు మళ్లీ చూడమనండి. ఆమెకు 1401 సులువు కోర్సు అనుకోవద్దు. క్యాల్కులస్ లేదనే గాని వెక్టర్లు, టార్క్, ద్రవాల లెక్కలు అన్నీ ఉంటయి.

ఇంకోటి. మొదటి మిడ్‌టర్మ్ చెడంగనే కోర్సు డ్రాప్ కొట్టే అలవాటు చేసుకోవద్దు. టెక్సస్ పబ్లిక్ కాలేజీలల్ల డిగ్రీ మొత్తం మీద ఆరు డ్రాప్‌లే, కాలేజీ మారినా ఆ లెక్క మన వెంట వస్తది. మామూలు 16 వారాల సెమిస్టర్‌ల క్లాసులు నడిచే రోజులల్ల పన్నెండో రోజు లోపల తీసేస్తే ఆ లెక్కల పడదు. అందుకని మొదటి రెండు వారాలల్లనే మాస్టారు పద్ధతి, ల్యాబ్ టైము చూసుకుని ఉండాల్నా పోవాల్నా తేల్చుకోవాలె.

హన్మకొండ_చౌరస్తా:

చాలా సంతోషం, ఇంత వివరంగా ఎవరూ చెప్పలే. 2413తోనే మొదలుపెట్టిస్తం. ఇంకొక్క సంగతి. ఇక్కడ ప్రాక్టికల్స్ అంటే వెర్నియర్, స్క్రూ గేజ్, లోలకం, మీటర్ బ్రిడ్జి చేసింది. రికార్డు మాత్రం నిజం చెప్పాలంటే సీనియర్లది చూసి దించిందే. అక్కడి ల్యాబ్ ఎట్లుంటది?

స్లోప్_చూడు:

ముందు ఆ రికార్డు దించే అలవాటు ఇక్కడే వదిలేయాలండి. ల్యాబ్ పార్ట్‌నర్‌తో రీడింగ్‌లు కలిసి తీస్తారు, అది మామూలే. లెక్కలు, గ్రాఫు, రాత మాత్రం ఎవరివి వారివి. రిపోర్టులు ఆన్‌లైన్‌లో పెట్టించుకుని పోలికలు చూసే సాఫ్ట్‌వేర్‌లో వేస్తారు. దొరికితే ఆ ల్యాబ్‌కు సున్నాతో పోదు, కాలేజీ క్రమశిక్షణ విభాగం దాకా పోతుంది. ల్యాబ్‌కు రాకపోవడం కూడా అంతే. ఎన్ని పోతే కోర్సే ఫెయిలో సిలబస్ కాగితంలో రాసి ఉంటుంది, చదవాలి.

పరికరాలు కొత్తగా ఉంటాయి గాని లోపలి ఫిజిక్స్ తెలిసిందే. బలాల సమాంతర చతుర్భుజ నియమానికి మన దగ్గర నిలువు బోర్డు ఉంటే, అక్కడ అంచు చుట్టూ కోణాలు రాసిన గుండ్రటి ఫోర్స్ టేబుల్ ఉంటుంది. స్టాప్‌వాచ్ బదులు ఫొటోగేట్, కంప్యూటర్‌కు తగిలించిన మోషన్ సెన్సర్. నిజంగా కొత్తది అనిశ్చితి లెక్క. ప్రతి రీడింగ్ పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎంతో రాయాలి, అది చివరి జవాబు దాకా మోసుకు రావాలి.

లోలకమే తీసుకోండి. ఇంటర్‌లో 20 డోలనాలకు కాలం చూసి, ఎల్ బై టీ స్క్వేర్ సగటు కట్టి జీ రాస్తాం. అక్కడ అడ్డంగా పొడవు, నిలువుగా టీ స్క్వేర్ పెట్టి గీత గీయిస్తారు. ఆ గీత వాలు 4 పై స్క్వేర్ బై జీ. వాలు 4.03 వస్తే జీ 9.80. వాలులో అనిశ్చితి 0.04 అయితే అది ఒక శాతం, కాబట్టి 9.8 ప్లస్ ఆర్ మైనస్ 0.1 అని రాయాలి. 9.7961 అని క్యాల్కులేటర్ చూపించిందల్లా రాస్తే మార్కు కోస్తారు.

గీత ఎందుకంటే, పిల్లలు ఎక్కువగా చేసే తప్పు గుండు మధ్యదాకా కాకుండా దారం వరకే పొడవు కొలవడం. గుండు వ్యాసార్ధం 1 సెంటీమీటరు, దారం 49 అనుకోండి. ఒక్క రీడింగ్‌తో లెక్క కడితే జీ 9.6 వస్తుంది, రెండు శాతం తక్కువ. అదే ఐదారు పొడవులకు గీత గీస్తే వాలు చెక్కుచెదరదు, గీత మాత్రం సున్నా గుండా పోకుండా నిలువు అక్షాన్ని 0.04 దగ్గర కోస్తుంది. ఆ 0.04ను వాలు 4.03తో భాగిస్తే 0.01 మీటరు, అంటే గుండు వ్యాసార్ధమే బయటపడుతుంది. ఇది కనిపెట్టి రిపోర్టులో రాసిన పిల్లకు పూర్తి మార్కులు. గ్రాఫ్ సున్నా గుండా పోవాలి కదా అని ఎక్సెల్‌లో బలవంతంగా సున్నా గుండా గీయించిన పిల్లకు వాలే తప్పుతుంది.

"మానవ తప్పిదం" అనే మాట రిపోర్టులో రాయనే వద్దు. ఏ తప్పిదం, జవాబును ఏ వైపుకు లాగింది అని అడుగుతారు. అట్‌వుడ్ యంత్రంలో 200, 220 గ్రాములు వేలాడదీస్తే త్వరణం 0.467 రావాలి. 0.44 వస్తే దాదాపు 6 శాతం తక్కువ. కప్పీ తిరగడానికి కొంత బలం పోయింది, ఇరుసు దగ్గర ఘర్షణ ఉంది అనొచ్చు, రెండూ తగ్గించేవే. కానీ 0.49 వస్తే ఘర్షణ అని రాయడం కుదరదు, ఘర్షణ త్వరణాన్ని పెంచదు. అప్పుడు బరువులు మళ్లీ తూచాలి, సెన్సర్ అమరిక చూడాలి. విలువ ముందే తెలిసినదానితో పోల్చితే శాతం దోషం, రెండు మీ కొలతలనే పోల్చుకుంటే శాతం తేడా. ఈ రెండింటికీ సూత్రాలు వేరు.

ఇంట్లో ఉన్న రెండు నెలల్లో ఎక్సెల్‌లో గ్రాఫ్ గీయడం, లైనెస్ట్ ఫంక్షన్‌తో వాలు, దాని అనిశ్చితి రాబట్టడం నేర్చుకుంటే మొదటి ల్యాబ్ నుంచే పని తేలిక.

హన్మకొండ_చౌరస్తా:

లోలకం ఇంట్లనే చేపిస్త. క్యాల్కులేటర్ ఇక్కడ్నే కొనుక్కపోవాల్నా? టెక్స్ట్‌బుక్కులు?

ఫ్రీబాడీ_గీయి:

గ్రాఫింగ్ క్యాల్కులేటర్ ఇప్పుడే కొనొద్దు. కొందరు మాస్టార్లు పరీక్షలో మామూలు సైంటిఫిక్ దాన్నే రానిస్తారు. సిలబస్ కాగితం వచ్చాక చూసుకోవచ్చు. సాధన కోసం అయితే హన్మకొండలో దొరికే సైంటిఫిక్‌ది ఒకటి చాలు. పుస్తకానికి డబ్బు పెట్టక్కర్లేదు. ఓపెన్‌స్టాక్స్ సైటులో క్యాల్కులస్ స్థాయి ఫిజిక్స్ మూడు భాగాలూ ఉచితంగా ఉన్నాయి. మొదటి భాగం మెకానిక్స్, తరంగాలు, 2425కు అదే. ఆప్టిక్స్ మూడో భాగంలో పెట్టారు కాబట్టి 2426కు రెండు, మూడు భాగాలు కావాలి. బైపీసీ అమ్మాయికి అదే సైటులో ఆల్జీబ్రా స్థాయి పుస్తకం వేరే ఉంది. హోంవర్క్ ఆన్‌లైన్ సైటులో చేయాలంటే మాత్రం దానికి యాక్సెస్ కోడ్ కొనాల్సి రావచ్చు. అది మొదటి రోజు క్లాసులో చెప్పాకే కొనండి, పాత పుస్తకంతో వచ్చిన వాడేసిన కోడ్ మళ్లీ పనిచేయదు.

డిగ్రీ_ప్లాన్:

ఒకటి మరిచిన. ఇంటర్ మెమో, టీసీతో పాటు ఇంటర్ ఫిజిక్స్, మ్యాథ్స్ సిలబస్ ప్రింటు తీసి పెట్టుకోండి. క్రెడిట్ రాకున్నా, "క్యాల్కులస్ చదివింది, ప్లేస్‌మెంట్ పరీక్ష రాయనివ్వండి" అని అడిగేటప్పుడు 1బీ, 2బీ పాఠాల జాబితా ముందు పెడితే మాట తొందరగా తెగుతుంది. పేర్లు తెలుగులో ఉంటే ఇంగ్లిష్ మీడియం ప్రతి తీసుకోండి.